వేసవి ఎవరిది? అమెరికా ఆదివాసీ పిల్లల కళాశిబిరం వెనుక ఉన్న చరిత్ర



మనలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్లమే. జూన్‌లో పెట్టె సర్దుకుని వెళ్తే మళ్లీ తీరిగ్గా ఊరు చూసేది ఎండాకాలంలోనే. ఈ లోపు ఊళ్లో కొత్తల పండగ అయిపోతుంది. దీపావళి ముందు దండారి బృందాలు ఊరూరా తిరిగి వస్తాయి. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర జరుగుతుంది. సెలవు దొరికితే వెళ్లి చూస్తాం, దొరక్కపోతే తరగతి గదిలోనే ఉండిపోతాం. బడి లెక్క ఒకటి, మన పండగల లెక్క ఇంకొకటి. ఆ రెండు లెక్కలూ కుదిరే కాలం వేసవి ఒక్కటే. ఆ నెలన్నర, రెండు నెలలే పిల్లలు పూర్తిగా ఇంటి దగ్గర ఉంటారు.

అందుకే ఈ సంచికలో వేసవి గురించి రాయాలనిపించింది. హాస్టల్లో ఉండి చదివే ఆదివాసీ పిల్లల వేసవిని ఎవరు, దేనికి వాడుకోవాలన్న ప్రశ్న మనకంటే ముందే ఇంకో ఖండంలో వచ్చింది. అమెరికాలోని ఆదివాసీ తెగలకు అక్కడి ప్రభుత్వం ఒక కాలంలో పిల్లల వేసవిని కూడా లేకుండా చేసింది. ఎనభై ఏళ్ల తర్వాత అదే దేశంలో, ఒక వేసవి శిబిరంలో, ఆదివాసీ కళాకారులే గురువులుగా నిలబడి పిల్లలకు కళ నేర్పారు. ఈ రెండు వేసవుల మధ్య ఏం జరిగిందో తెలుసుకుంటే మనం చేయాల్సిన పని కూడా కొంత తేటపడుతుంది.

ఇంటికి పంపని వేసవి

1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ అనే పట్టణంలో, పాత సైనిక బారకాసుల్లో ఒక హాస్టల్ బడి మొదలైంది. దాన్ని పెట్టినవాడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. వందల, వేల మైళ్ల దూరంలో ఉన్న తెగల నుంచి పిల్లల్ని రైళ్లలో అక్కడికి తెచ్చారు. రాగానే జుట్టు కత్తిరించారు. పేర్లు మార్చారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. పిల్లవాడిలోని ఆదివాసీని తీసేస్తే మిగిలినవాడు మంచి పౌరుడవుతాడన్నది ఆ బడి నమ్మకం. ఆ తర్వాత దేశమంతటా ప్రభుత్వం కట్టిన హాస్టల్ బడులకు కార్లైలే నమూనా అయింది.

మనకు ముఖ్యమైన సంగతి ఆ బడి వేసవి. సెలవులు వస్తే పిల్లల్ని ఇంటికి పంపాలి కదా! ఇంటికి పంపితే అమ్మానాన్నల దగ్గర మళ్లీ తమ భాష మాట్లాడతారు, తమ ఆటపాటల్లో కలిసిపోతారు, బడి నేర్పిందంతా నీళ్లపాలవుతుందని ప్రాట్ భయం. అందుకని ఆయన 'అవుటింగ్' అనే పద్ధతి పెట్టాడు. వేసవి రాగానే పిల్లల్ని చుట్టుపక్కల తెల్లవాళ్ల ఇళ్లకు, పొలాలకు పంపేవారు. మగపిల్లలు పొలం పని, ఆడపిల్లలు ఇంటి పని చేయాలి. కొద్దిపాటి కూలి ఇచ్చేవారు. కొందరు పిల్లలు ఏళ్ల తరబడి తమ ఊరి ముఖం చూడలేదు. కొందరు ఇక ఎప్పటికీ చూడలేదు. ఆ బడి ఆవరణలోని శ్మశానంలో వంద మందికి పైగా పిల్లల సమాధులున్నాయి.

పిల్లవాడికి, తెగకు మధ్య ఉన్న తాడు ఎక్కడ గట్టిగా ఉందో ప్రాట్‌కు తెలుసు. అది వేసవిలో ఉంది. అందుకే దాన్ని అక్కడే కోశాడు. ఆ బడి 1918లో మూతపడింది. కానీ అది నేర్పిన పద్ధతి చాలాకాలం బతికింది.

గోడల మధ్య మొలిచిన బొమ్మ

అయితే ఎంత గట్టి గోడ కట్టినా ఏదో ఒక పగుల్లోంచి మొక్క మొలుస్తుంది. కార్లైల్‌లోనే 1906లో ఏంజెల్ డి కోరా అనే ఆదివాసీ కళాకారిణి చిత్రకళ ఉపాధ్యాయురాలిగా చేరారు. ఆమె హో-చంక్ తెగ బిడ్డ. తనను కూడా చిన్నతనంలో ఇలాంటి హాస్టల్ బడికే తీసుకెళ్లారు. పిల్లలు తమ తమ తెగల నమూనాలను గుర్తు తెచ్చుకుని గీయాలని ఆమె ప్రోత్సహించారు. మరిచిపోవడం నేర్పడానికి కట్టిన బడిలో, గుర్తు తెచ్చుకోవడం నేర్పే తరగతి అది. 1915 దాకా ఆమె అక్కడ పనిచేశారు.

అదే 1915లో అరిజోనాలోని హోపీ తెగకు చెందిన ఒక పిల్లవాడిని పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలోని శాంటా ఫే ఇండియన్ స్కూల్‌కు పంపారు. తాత ఆ పిల్లవాడిని 'కావొతాయ్' అని పిలిచేవాడు. వాళ్ల భాషలో 'రేపు' అని అర్థం. బడిలో టీచరు ఆ పేరును తన చెవికి వినిపించినట్టు రాస్తే 'కబోటీ' అయింది. ముందు ఫ్రెడ్ అనే పేరు తగిలించారు. మన ఇంటిపేర్లు, ఊరిపేర్లు రికార్డుల్లోకి ఎక్కేటప్పుడు ఎలా మారిపోయాయో తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు.

ఆ బడి సూపరింటెండెంట్ భార్య ఎలిజబెత్ డిహఫ్ 1918 ప్రాంతంలో కొందరు పిల్లల్ని మధ్యాహ్నాలు తన ఇంటికి పిలిచి, కాగితాలు, నీటి రంగులు ఇచ్చి బొమ్మలు వేయమనేది. ఫ్రెడ్ వేసింది తన ఊరి కచీనాలను. కచీనాలంటే హోపీలు కొలిచే దేవతాశక్తులు. పండగల్లో వాటి వేషాలు కట్టి ఆడతారు. ఇంటి మీద బెంగతో ఉన్న పిల్లవాడికి ఊరి పండగ కాగితం మీదికి వచ్చింది. ఫ్రెడ్‌తో పాటు హోపీ తెగకే చెందిన ఓటిస్ పొలెలొనెమా, జియా ఊరికి చెందిన వెలీనో షీహే హెరెరా కూడా ఆ గదిలో కూర్చుని బొమ్మలు వేశారు. కొద్దికాలానికే వాళ్ల చిత్రాలు శాంటా ఫే మ్యూజియంలో ప్రదర్శనకు ఎక్కాయి.

ఇక్కడొక సంగతి గమనించండి. ఆ పిల్లలకు దొరికింది తరగతి గది కాదు, ఒక ఇంటి ముందుగది. పాఠ్యప్రణాళికలో దానికి చోటు లేదు. ఒక మనిషి దయ మీద ఆధారపడ్డ అవకాశం అది. ఆ మనిషి వెళ్లిపోతే అవకాశమూ పోతుంది.

1932: స్టూడియో

1928లో మెరియం నివేదిక అని పేరుపడ్డ ఒక పెద్ద సర్వే అమెరికా ఆదివాసుల పరిస్థితిని బయటపెట్టింది. హాస్టల్ బడుల్లో పిల్లలకు సరైన తిండి లేదని, గదులు కిక్కిరిసి ఉన్నాయని, పిల్లల చేత మోయలేనంత పని చేయిస్తున్నారని అది తేల్చింది. ఆ తర్వాత ప్రభుత్వ విధానం మెల్లగా మారింది. అదే శాంటా ఫే బడిలో 1932లో డొరొతీ డన్ అనే ఉపాధ్యాయురాలు చిత్రకళకు ఒక విభాగం మొదలుపెట్టింది. దాన్ని అందరూ 'స్టూడియో' అనేవారు. కళ ఇంటి ముందుగది దాటి బడిలోకి వచ్చింది.

అక్కడ చేరిన మొదటి తరం విద్యార్థుల్లో పబ్లీటా వెలార్డే ఒకరు. న్యూ మెక్సికోలో రియో గ్రాండే నది వెంట ఉన్న ఆదివాసీ ఊళ్లను ప్యూబ్లోలు అంటారు. వాటిలో ఒకటైన శాంటా క్లారా ఆమె ఊరు. చిన్నప్పుడే తల్లి పోవడంతో ఐదారేళ్ల వయసులోనే హాస్టల్ బడికి వెళ్లింది. స్టూడియోలో చేరేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు కుండలు చేస్తారు, బొమ్మలు గీయడం మగవాళ్ల పని. ఆమె ఆ హద్దు దాటింది, మాటలు పడింది, అయినా కుంచె వదల్లేదు. 1939 నుంచి బాండెలియర్ అనే చారిత్రక స్థలంలోని మ్యూజియం కోసం తన జనం రోజువారీ బతుకును వరసగా చిత్రించింది. రొట్టె కాల్చడం, కుండ చేయడం, పండగ నృత్యం, అన్నీ బొమ్మల్లోకి ఎక్కాయి. పెద్దవాళ్లు పోయాక ఈ సంగతులు చెప్పేదెవరన్న దిగులు ఆమె పనిలో కనిపిస్తుంది.

స్టూడియో చేసిన మేలు చిన్నది కాదు. మీ ఊరిని గీయండి, మీ పండగను గీయండి, అది సిగ్గుపడాల్సింది కాదు అని ఒక ప్రభుత్వ బడి పిల్లలతో చెప్పడం అప్పటికి పెద్ద మార్పు. కానీ అందులో ఒక చిక్కు కూడా ఉంది. చదునైన రంగులు, స్పష్టమైన గీతలు, వెలుగునీడలు లేని బొమ్మ: ఇదే 'అసలైన ఆదివాసీ చిత్రం' అన్న అచ్చు ఒకటి అక్కడ తయారైంది. మ్యూజియంలూ కొనుగోలుదారులూ ఆ అచ్చునే అడిగారు. బడి పద్ధతి కాస్తా తెగ సంప్రదాయంగా చలామణి అయింది.

ఆ చిక్కు 1958లో బట్టబయలైంది. డకోటా తెగకు చెందిన ఆస్కార్ హౌ స్టూడియోలోనే చదువుకున్న చిత్రకారుడు. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో ఉన్న ఫిల్‌బ్రూక్ ఆర్ట్ సెంటర్ ఏటా ఆదివాసీ చిత్రాల పోటీ పెట్టేది. ఆయన పంపిన చిత్రం సంప్రదాయ ఆదివాసీ పద్ధతిలో లేదని పోటీలోంచి తీసేశారు. డకోటా మనిషి, డకోటా నృత్యాన్ని, తన తెగ నుంచి నేర్చుకున్న రూపాలతో వేస్తే, అది ఆదివాసీ చిత్రం కాదని ఇంకెవరో తీర్పు చెప్పారు. ఆయన ఘాటుగా ఉత్తరం రాశారు. మమ్మల్ని ఎప్పటికీ చిన్నపిల్లలుగానే చూస్తారా, ఎలా గీయాలో కూడా మీరే చెప్తారా అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరం తర్వాత పోటీ నిబంధనలు మారాయి.

1960: టూసాన్ వేసవి

ఈ రగడ వేడి చల్లారకముందే, 1959లో అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో ఆదివాసీ కళ భవిష్యత్తు మీద ఒక సమావేశం జరిగింది. అక్కడి చర్చల్లోంచి ఒక ఆలోచన వచ్చింది. ఆదివాసీ యువతను వేసవిలో ఒకచోట చేర్చి, ఆదివాసీ కళాకారుల చేతే నేర్పించాలి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. 1960 వేసవిలో 'సౌత్‌వెస్ట్ ఇండియన్ ఆర్ట్ ప్రాజెక్ట్' పేరుతో శిబిరం మొదలైంది. తర్వాతి వేసవుల్లోనూ సాగింది.

ఈ పనిలో ముందు నిలిచినవాడు లాయిడ్ కివా న్యూ. 1916లో ఓక్లహోమాలో పుట్టిన చెరోకీ బిడ్డ. చికాగోలోని ప్రసిద్ధ కళాశాలలో పట్టా పుచ్చుకుని, ఫీనిక్స్ ఇండియన్ స్కూల్‌లో పిల్లలకు కళ నేర్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చాక, అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో తోలు సంచులు, అచ్చు బట్టల దుకాణం పెట్టి పెద్ద పేరు తెచ్చుకున్నారు. తెగల నమూనాలు కొత్త వస్తువు మీదికి ఎలా వస్తాయో తన చేతులతో చేసి చూపిన మనిషి. ఆయనతో పాటు హోపీ తెగకు చెందిన చార్లెస్ లొలోమా నేర్పారు. కుండల తయారీలోనూ నగల తయారీలోనూ ఆరితేరిన చేయి ఆయనది. ప్యూబ్లో చిత్రకారుడు జో హెరెరా కూడా ఉన్నారు. ఆయన స్టూడియోలో చదివి, తర్వాత ఆ అచ్చును దాటి బయటికొచ్చినవాడు.

పిల్లల వైపు చూద్దాం. ఆ మొదటి వేసవికి వచ్చినవాళ్లలో మైకేల్ కబోటీ ఒకడు. ఫ్రెడ్ కబోటీ కొడుకు. కాన్సస్ రాష్ట్రంలోని ఆదివాసీ హాస్టల్ బడి హాస్కెల్‌లో ఇంకా హైస్కూల్ చదువుతున్న కుర్రాడు. ఇంకొకరు హెలెన్ హార్డిన్. పబ్లీటా వెలార్డే కూతురు. ఆమెకు అప్పుడు పదిహేడేళ్లు. తండ్రి హాస్టల్ బడిలో ఉండగా ఒక ఇంటి ముందుగదిలో రంగులు ముట్టుకున్నాడు. తల్లి హాస్టల్ బడిలోని స్టూడియోలో నేర్చుకుంది. వాళ్ల పిల్లలు ఒకే వేసవిలో, తమవంటి ఆదివాసీ గురువుల ముందు కూర్చున్నారు. ఒక తరం తిరిగేసరికి ఇంత దూరం వచ్చింది చరిత్ర.

మనకు సంబంధించిన చిన్న ముచ్చట ఒకటి. అదే 1960లో తండ్రి ఫ్రెడ్ కబోటీ మన దేశానికి వచ్చారు. ఢిల్లీలో జరిగిన ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనలో అమెరికా తరఫున పాల్గొన్నారు. ఒకనాడు పేరు కూడా సరిగా రాయని బడికి పంపిన పిల్లవాడు, తన దేశ ప్రతినిధిగా సముద్రాలు దాటి వచ్చాడన్నమాట.

ఆ శిబిరం ఎవరినీ ఒకే అచ్చులో పోయలేదు. హెలెన్ హార్డిన్ తల్లి దారిలో నడవలేదు. వృత్తాలు, గీతలు, కోణాలతో, వృత్తలేఖిని పట్టుకుని కొలిచి గీసినట్టుండే కొత్త పద్ధతి తయారు చేసుకుంది. అందులోని రూపాలు మాత్రం ప్యూబ్లో కుండల మీద, రాతి బొమ్మల్లో ఉన్నవే. 1984లో నలభై ఒక్క ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూసింది. మైకేల్ కబోటీ చిత్రకారుడు, వెండి పనివాడు, కవి అయ్యాడు. 1973లో తోటి హోపీ కళాకారులతో కలిసి 'ఆర్టిస్ట్ హోపిడ్' అనే బృందాన్ని పెట్టాడు. 1961 వేసవిలో వచ్చిన ఫ్రిట్జ్ షోల్డర్ అయితే, పర్యాటకులు కోరుకునే ముచ్చటైన ఆదివాసీ బొమ్మను తలకిందులు చేసే చిత్రాలు వేసి దేశమంతా చర్చ లేపాడు. ముగ్గురివీ మూడు దారులు. మూడూ ఆదివాసీ దారులే.

వేసవి బడిగా మారింది, ఇంకో బడి పోయింది

శిబిరం ఫలితం చూశాక ప్రభుత్వం ఒక అడుగు ముందుకేసింది. 1962 అక్టోబర్‌లో శాంటా ఫేలో 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికన్ ఇండియన్ ఆర్ట్స్' తెరుచుకుంది. అనేక తెగల నుంచి హైస్కూల్ వయసు పిల్లలు వచ్చి, అక్కడే ఉండి, మామూలు చదువుతో పాటు చిత్రకళ, శిల్పం, కుండలు, నగలు, నాటకం, రచన నేర్చుకునే హాస్టల్ బడి అది. లాయిడ్ న్యూ కళా విభాగానికి అధిపతి అయ్యారు, 1967 నుంచి 1978 దాకా సంస్థకే డైరెక్టర్‌గా ఉన్నారు. లొలోమా, షోల్డర్, అపాచీ శిల్పి అలన్ హౌజర్ అక్కడ పాఠాలు చెప్పారు. ఈ హౌజర్ కూడా ఒకప్పటి స్టూడియో విద్యార్థే. 1964లో అక్కడ చేరిన టి.సి. క్యానన్ అనే కుర్రాడు తర్వాత ఆ తరంలో గొప్ప చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ సంస్థ ఇవాళ డిగ్రీలు ఇచ్చే కళాశాల.

కథ ఇక్కడ ఆపితే అంతా వెలుగే అనిపిస్తుంది. కానీ చరిత్రను సగం చెప్పకూడదు. ఆ కొత్త సంస్థను పెట్టింది ఎక్కడో కాదు, శాంటా ఫే ఇండియన్ స్కూల్ ఆవరణలోనే. అందుకోసం అక్కడ చదువుతున్న ప్యూబ్లో పిల్లల్ని ఆల్బుకర్కీ నగరంలోని ఇంకో హాస్టల్ బడికి తరలించారు. స్టూడియో మూతపడింది. డొరొతీ డన్ వెళ్లిపోయాక 1937 నుంచి ఆ స్టూడియోను నడిపించిన జెరోనిమా క్రూజ్ మొంటోయా ప్యూబ్లో ఆడబిడ్డ, అక్కడే చదివి అక్కడే గురువైన మనిషి. ఆమె కొత్త సంస్థలో చేరలేదు. తన ఊరికి వెళ్లి, అక్కడి చేతిపనివాళ్లతో 1968లో ఒక సహకార సంఘం పెట్టారు. ప్యూబ్లో పెద్దలు తమ బడి కోసం పట్టు వదల్లేదు. 1981లో ఆ ఆవరణ మళ్లీ ప్యూబ్లో పిల్లల బడి అయింది, ఈసారి ప్యూబ్లోల సొంత నిర్వహణలో.

దేశంలోని తెగలన్నిటికీ మంచి జరగాలని తలపెట్టిన పని కూడా, పక్కనున్న ఊరిని అడగకుండా చేస్తే గాయమే చేస్తుంది. ఇది గుర్తుంచుకోవాలి.

మన ముంగిట్లో

ఈ చరిత్రలోంచి మూడు ప్రశ్నలు తీసుకోవచ్చు. నేర్పేది ఎవరు? ఏది మన కళ అన్న తీర్పు ఎవరిది? నేర్చుకున్నది తిరిగి ఎక్కడికి చేరుతుంది? కార్లైల్‌లో ఈ మూడింటికీ జవాబు సర్కారే. డిహఫ్ ఇంట్లోనూ స్టూడియోలోనూ మొదటి జవాబు ఒక మంచి మనసున్న బయటి మనిషి. టూసాన్ వేసవిలో మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఆదివాసీలే అయ్యారు. మూడో ప్రశ్నకు మొంటోయా తన ఊళ్లో జవాబు వెతికారు.

పిల్లలు కలిసి ఒకచోట ఉండి కళ నేర్చుకోవడం మనకు బయటినుంచి రావాల్సిన ఆలోచన కాదు. గోదావరికి ఆవల బస్తర్‌లోని మురియాల గోటుల్ అదే కదా. సాయంత్రమయ్యేసరికి ఊరి ఆడపిల్లలూ మగపిల్లలూ అక్కడ చేరేవారు. పాట, ఆట, దువ్వెన చెక్కడం, పెద్దల పట్ల నడవడిక, ఊరి పనిలో చేయి వేయడం, అన్నీ పెద్ద పిల్లల నుంచి చిన్న పిల్లలకు అందేవి. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద ఒక పెద్ద పుస్తకమే ప్రచురించాడు. ఛోటానాగ్‌పూర్ ఉరావులకు ధుమ్‌కురియా ఉండేది. హాస్టల్ అన్న మాట రాకముందే మనవాళ్లకు కళల హాస్టల్ ఉంది. తేడా ఏమిటంటే అది ఊరి మధ్యలో ఉండేది.

ఇప్పుడు మన పిల్లలు ఊరి మధ్యలో లేరు, గురువులేమో ఊళ్లో ఉన్నారు. ఆ గురువులు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మార్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ వీరుల కథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచి వెళ్లారు. అవార్డు ఫోటో గోడ మీద ఉంటుంది. పాట మాత్రం ఎవరి గొంతులోకైనా చేరితేనే ఉంటుంది. ప్రధాన్, తోటి కళాకారులు కీక్రి వాయిస్తూ చెప్పే గోండుల పుట్టుక కథలు రాత్రుల తరబడి సాగుతాయి. అవి ఒక రోజు వర్క్‌షాప్‌లో వచ్చేవి కావు. గురువు పక్కన కూర్చుని, కలిసి తిని, కలిసి పడుకుని, వారాల పాటు వింటే వస్తాయి.

వేసవి శిబిరం పెట్టే ఊరు ఏదైనా కొన్ని జాగ్రత్తలు ఈ చరిత్ర నుంచే తీసుకోవాలి. గురువు మన తెగ కళాకారుడు కావాలి, ఆయనకు గౌరవంతో పాటు జీతం కూడా ఇవ్వాలి. పాఠం మన భాషలోనే నడవాలి. గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడే పిల్లలకు వాయిద్యం పేరు, దరువు పేరు ఆ భాషలోనే తెలియాలి. ఏది నేర్పవచ్చు, ఏది నేర్పకూడదు అన్నది ఊరి పెద్దలు చెప్పాలి. గుస్సాడి నెమలి పింఛాల కిరీటం వేదిక అలంకరణ కాదు, పూజ చేసి పండగ రోజుల్లో పెట్టుకునేది. ఎండాకాలంలో అడుగు నేర్పవచ్చు, దరువు నేర్పవచ్చు, గుమేలా, పెప్రె వాయించడం నేర్పవచ్చు. కిరీటం దాని కాలం వచ్చేదాకా దాని చోట ఉంటుంది. ఆ ఎదురుచూపు కూడా పాఠంలో భాగమే.

ఇంకో జాగ్రత్త పెద్దవాళ్లు తీసుకోవాల్సింది. ఆస్కార్ హౌకి ఎదురైన తీర్పును మన పిల్లలకు మనమే ఇవ్వకూడదు. సవర గోడ బొమ్మను ఒక అమ్మాయి ట్యాబ్ మీద గీస్తే, థింసా అడుగును ఒక కుర్రాడు కొత్త పాటకు కట్టుకుంటే, ముందు అది దేన్నుంచి వచ్చిందో వాడికి తెలుసా అని అడుగుదాం. తెలిస్తే ముందుకు పోనిద్దాం. తెలియకపోతే గురువు దగ్గరికి పంపుదాం. హెలెన్ హార్డిన్ తల్లిలా గీయకపోయినా తల్లి ఊరి కుండల్ని మరవలేదు.

ఇక మీ పని. మీలో గురుకులంలో చదువుతున్నవాళ్లు, ఇప్పుడే డిగ్రీలో చేరినవాళ్లు, ఉద్యోగంలో ఉండి ఎండాకాలం నాలుగు రోజులు ఊరొచ్చేవాళ్లు ఉన్నారు. మీ ఊళ్లో డోలు పట్టే పెద్దాయన ఎవరు, పెళ్లి పాటలన్నీ తెలిసిన అవ్వ ఎవరు, వెదురుతో పిల్లనగ్రోవి చేయగలిగేది ఎవరు అని ఒక కాగితం మీద రాయండి. ఈసారి సెలవులకు ముందే వాళ్లను అడగండి, ఎన్ని రోజులు నేర్పగలరో, ఎంతమందికి నేర్పగలరో. బడి గది దొరికితే సరే, లేకపోతే ఊరి గుడి ముందు చెట్టు ఉంది. పది మంది పిల్లలు, ఇద్దరు గురువులు, మూడు వారాల బియ్యం ఉంటే మొదటి శిబిరం నడుస్తుంది. టూసాన్‌కు డబ్బు ఫౌండేషన్ నుంచి వచ్చింది. గోటుల్‌ను మాత్రం పిల్లలే నడిపారు.

ఒక సర్కారు మన బంధువుల వంటి జనం నుంచి వేసవిని తీసుకుంది. వాళ్లు ఎనభై ఏళ్లు పట్టి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. మన వేసవిని ఇంకా ఎవరూ పూర్తిగా తీసుకోలేదు. ప్రతి మే నెలలో అది మన ఊళ్లోనే, మన గురువుల ఇంటి ముందే ఉంటోంది.